రీమేక్‌లో కోసేసిన ముక్క

పోయిన వారం శైలేందర్‌ను మనం మంచి చోటే వదిలిపెట్టాం. దిల్‌సుఖ్‌నగర్‌లో, నిర్మాత రామమోహనరావు ఆఫీసులో, వాడు చెప్పులు చేత్తో పట్టుకుని, నడుం వంచి, ఎవరిదో కారుకు దండం పెట్టే ముసలాయన వేషం కట్టాడు. నిర్మాత కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. అంతలో తలుపు తెరుచుకుంది. గుమ్మంలో టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ ముసలాయనే నిలబడి ఉన్నాడు.

ఆయన పేరు యాదగిరి. శైలేందర్‌కు కన్నతండ్రి. ఆ సంగతి ఆ గదిలో తండ్రికీ కొడుక్కీ తప్ప ఎవరికీ తెలియదు.

ఇంత పని ఎందుకు చేశాడని మీరడగొచ్చు. సినిమా వాళ్ల కథాచర్చల్లో ఒక పాడు అలవాటుంది. సీను నడవక ఆగిపోతే చాలు, ఎవరో ఒకరు తన ఇంట్లోంచో వీధిలోంచో ఒక మనిషిని లాక్కొచ్చి మధ్యలో నిలబెట్టాలి. మేనత్త నత్తి, బాబాయి పిసినారితనం, పక్కింటావిడ నడక, ఏదైనా సరే. ఎవరి మనిషిని చూసి ఎక్కువ నవ్వొస్తే వాడే గొప్ప రచయిత. శైలేందర్‌కు ముప్పై దాటాయి. తెర మీద రచయితగా పేరు ఒక్కసారీ పడలేదు. ఈ సినిమాకు పడుతుందని రామమోహనరావు మాటిచ్చాడు. దాంతో వాడు తండ్రిని తెచ్చి నిలబెట్టాడు. నిలబెట్టి, "మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఉన్నాడు సార్" అన్నాడు. మా నాన్న అనలేదు.

ఇక ఆ సినిమా సంగతి. రామమోహనరావు ఒక ఫ్రెంచి హాస్య చిత్రం హక్కులు కొన్నాడు. దానికి ఇంగ్లీషులో రీమేక్ కూడా వచ్చింది. రెండిట్లోనూ కథ ఒకటే. ద్రాక్షతోట అమ్ముకున్న ఒక పెద్దాయన, ఆ తోటలో లేచిన అపార్ట్‌మెంట్‌లోనే కాపురం ఉంటాడు. పొద్దున్నే గ్లాసు పట్టుకొచ్చి లిఫ్టు ముందు పాలరాతి మీద కాస్త వైన్ ఒలకబోస్తాడు. బిల్డింగంతా ఆయన్ని చూసి నవ్వుతుంది. అసలు తేడా ఒక్క సీనులో. ఆ లిఫ్టున్న చోటే, అప్పటి ద్రాక్షపందిరి కింద, కోతల రోజుల్లో తన భార్య కుప్పకూలి ప్రాణం వదిలిందని ఆయన లిఫ్టు మెకానిక్‌తో చెబుతాడు. ఫ్రెంచిలో ఆ సీను ఉంది. ఇంగ్లీషు వాళ్లు దాన్ని కోసేశారు. దాని బదులు, పెద్దాయన తను ఒలకబోసిన దాంట్లో తనే జారి వెళ్లి అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు మీద పడతాడు.

తెలుగులో దేన్ని పట్టుకోవాలన్నది వాళ్ల తగువు. డైరెక్టర్ సింధూర కొత్తపేట పిల్ల, ఇదే తొలి సినిమా, ఫ్రెంచిదే తీస్తానని పట్టుబట్టింది. శైలేందర్ రీమేక్ వైపు మాట్లాడాడు. "కారణం చెప్తే నవ్వు ఆగిపోతది మేడమ్. కారణం తీసేద్దాం" అన్నాడు. అలా అన్నప్పుడు, వాళ్ల నాన్న చెప్పులు ఎందుకు విప్పుతాడో వాడికి బాగా తెలుసు.

సరే, గుమ్మం దగ్గరికి వద్దాం.

"ఎవరు బాబూ? ఏం కావాలి?" అన్నాడు రామమోహనరావు, నవ్వు ఇంకా పూర్తిగా ఆపుకోలేక.

యాదగిరి నిర్మాత వంక చూడలేదు. కొడుకు వంక చూశాడు. కొడుకు చేతిలో చెప్పులున్నాయి, నడుం ఇంకా సగం వంగే ఉంది. 'మా బాపు' అంటే సరిపోయేది. రెండు మాటలు. శైలేందర్ నోరు తెరిచాడు గానీ ఆ మాటలు అనలేదు. వాడి తరఫున నేను వాదించను. గది నిండా ఇందాకటి నవ్వు ఇంకా ఉంది, అది పోతుందని భయపడ్డాడు. అంతకు మించి గొప్ప కారణమేదీ లేదు.

యాదగిరి భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద వేసుకున్నాడు. ఆ చేతికి బంగారు ఉంగరం ఉంది. అది కనబడకుండా తువ్వాల సర్దుకుని, "గీ సారు ఉండే బిల్డింగుల వాచ్‌మన్‌ను సార్" అన్నాడు. "పొద్దుగాల్ల ఏం తినకుంట ఒచ్చిండట. ఇంట్లకెల్లి అమ్మ డబ్బా పంపింది. ఇచ్చి పోదమని ఒచ్చిన."

ఉంగరం దాచడం శైలేందర్ ఒక్కడే చూశాడు. చేతిలోని చెప్పులు నేల మీద పెట్టి, వాటిలో కాళ్లు పెట్టబోతే ఒకటి తిరగబడింది. దాన్ని సరిచేసుకోవడం కూడా చేతకాలేదు.

"భలే సమయానికి వచ్చావయ్యా!" అని రామమోహనరావు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "రా, లోపలికి రా. కూర్చో."

యాదగిరి వచ్చి గోడ పక్కన కింద కూర్చున్నాడు. నాగోలు నుంచి హయత్‌నగర్ దాకా ఏ పంచాయితీకి పోయినా ముందు ఆయనకు కుర్చీ వేసి తర్వాత మాట మొదలుపెట్టే వాళ్లు. అలాంటి మనిషి మోకాళ్లు పట్టుకుని, డబ్బా పక్కన పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"అయ్యో, కుర్చీ ఉంది కదండీ" అంది సింధూర.

"ఏం గాదు మేడమ్. కింద సల్లగుంది."

"ఇదిగో చూడూ" అన్నాడు రామమోహనరావు. "మీ సెల్లార్లో ఒకాయన చెప్పులు విప్పి కారుకు దండం పెడతాడటగా? నిజమేనా? నువ్వు చూశావా?"

"సూసిన సార్. రోజు సూస్త."

"ఎందుకు పెడతాడంటావ్?"

"గది ఆయన్నే అడగాలె సార్. ఇప్పటిదాంక ఎవలు అడగలే."

"కొంచెం పిచ్చేమో కదా?"

"ఉంటే ఉండొచ్చు సార్."

రామమోహనరావు మళ్లీ నవ్వాడు. యాదగిరి కూడా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక శైలేందర్ తల తిప్పుకుని గోడకున్న క్యాలెండర్ చదవడం మొదలుపెట్టాడు. రామమోహనరావు చెడ్డవాడు కాదండీ. ఎవరిని చూసి నవ్వుతున్నాడో తెలిస్తే అప్పుడే లేచి చేతులు జోడించేవాడు. తెలియజేయాల్సినవాడు క్యాలెండర్ చదువుతున్నాడు.

"సర్, ఒక పని చేద్దాం" అంది సింధూర. "ఈయనకు రెండూ చూపిద్దాం. మనకంటే ఈయన మాటే నయం."

టీవీలో ముందు ఇంగ్లీషు ముక్క వేసింది. పెద్దాయన జారాడు, ప్రెసిడెంటు కింద పడ్డాడు, గ్లాసు ఎగిరి కుక్కపిల్ల ముందు వాలింది. రామమోహనరావు ఎన్నిసార్లు చూశాడో గానీ మళ్లీ నవ్వాడు. యాదగిరి మాత్రం "పాపం, గట్టిగనే తాకినట్టుంది" అన్నాడు.

తర్వాత ఫ్రెంచిది వేసింది. అందులో జారడాలూ పడడాలూ ఏమీ లేవు. పెద్దాయన నేల మీద కాస్త ఒలకబోశాడు. వెనక మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు నోటికి చేతులడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వారు. ఆయన వెనక్కి తిరిగి, వాళ్లను చూసి, తనూ చిన్నగా నవ్వి, జేబులోంచి గుడ్డ తీసి నేల తుడిచేసి వెళ్లిపోయాడు.

"ఈయనకు ఎరకే సార్" అన్నాడు యాదగిరి.

"ఏం ఎరుక?"

"నవ్వుతున్నరని. ఎరకుండి గూడ ఎరక లేనట్టు చేస్తుండు. ఆ మొదటాయనకు పాపం ఏం తెల్వది."

సింధూర టీవీ ఆపింది. "కరెక్ట్. నేను చెప్పేది అదే. దీంట్లో ఇంకో సీను కూడా ఉంది. ఆయన ఎందుకు ఒలకబోస్తాడో చెప్తాడు. ఇంగ్లీషులో దాన్ని కోసేశారు."

"ఎందుకు కోసిండ్రు మేడమ్?"

"అది వింటే నవ్వు రాదని. మన శైలేందర్ కూడా కోసేద్దామనే అంటున్నాడు."

యాదగిరి కాసేపు కొడుకు పాదాల వంక చూశాడు. "అట్లనా" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద ఒకటి వేసి ఉంటే ఇంకా బాగుండేది. శైలేందర్ అదే కోరుకున్నాడు.

అంతలో రామమోహనరావు చప్పట్లు చరిచాడు. "లేవండి, వెళ్దాం! ఎల్బీ నగర్ ఎంత దూరం? ఆ మహానుభావుణ్ని కళ్లారా చూసొద్దాం. చూస్తే ఏ సినిమా తియ్యాలో తేలిపోతుంది. వాచ్‌మన్ కూడా ఇక్కడే ఉన్నాడాయె."

"ఇయ్యాల ఒద్దు సార్" అన్నాడు శైలేందర్ గాభరాగా. "ఆదివారం. ట్రాఫిక్‌ల పరేషాన్ అయితం."

"ఏం ట్రాఫిక్కండీ, మెట్రో కింద నుంచి పోతే పావుగంట. ఏవయ్యా, ఆయన ఇప్పుడుంటాడా?"

"దీపాల యాళకు ఉంటడు సార్" అన్నాడు యాదగిరి, గోడ పట్టుకుని లేస్తూ.

నిర్మాతా డైరెక్టరూ ముందు దిగారు. మెట్ల మలుపులో శైలేందర్ తండ్రి చెయ్యి పట్టుకుని "బాపూ" అన్నాడు.

"వాచ్‌మన్‌ను బాపు అంటరా సార్ ఎవలన్న?" అన్నాడు యాదగిరి. గొంతు పెంచలేదు. చెయ్యి మెల్లగా విడిపించుకుని, డబ్బా మరో చేతిలోకి మార్చుకుని దిగిపోయాడు.

కారులో యాదగిరి డ్రైవర్ పక్కన, డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక సీట్లో ముగ్గురు. చైతన్యపురి హాస్టళ్ల బోర్డులు చదువుతూ రామమోహనరావు ఏదేదో మాట్లాడుతున్నాడు. శైలేందర్‌కు ఒక్క ముక్క చెవికెక్కడం లేదు. ముందు సీట్లో తండ్రి మెడ మీది ముడతలు మాత్రం కనిపిస్తున్నాయి.

ఆ అపార్ట్‌మెంట్ యాదగిరి పొలంలో కట్టిందే. సెల్లార్లో మూల స్తంభం పక్కన ఇప్పుడు ఎవరిదో తెల్ల కారు నిలబెడుతున్న చోట ఒకప్పుడు బావి ఉండేది. ఆ బావిని శైలేందర్ తాత మైసయ్య తన చేతుల్తో తవ్వాడు. నీళ్లు పడిన రోజే ఒక పక్క కూలిపోయి, ఆయన మట్టి కింద పడి చనిపోయాడు. యాదగిరి అప్పటికి చిన్నపిల్లవాడు. తండ్రికి సద్ది పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. బిల్డర్‌తో మాట్లాడుకున్నప్పుడు ఆయన అడిగిందల్లా ఒకటే, ఆ బావి మీద స్తంభం లేపొద్దని. బిల్డర్ సరేనని అక్కడ పార్కింగ్ గీతలు గీశాడు. అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం యాదగిరి అక్కడికొచ్చి చెప్పులు విప్పి దండం పెడతాడు. కారుంటే కారు ముందే పెడతాడు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో దాన్ని వీడియో తీసి పెడితే అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. శైలేందర్ కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. ఒక్క మాట రాయలేదు.

ఇన్నాళ్లూ వాడికి తండ్రిని చూస్తే సిగ్గేసేది. స్నేహితులు ఇంటికొస్తే సెల్లార్లోంచి కాకుండా ముందు మెట్ల మీది నుంచి తీసుకెళ్లేవాడు. ఇవాళ మొదటిసారి తనను చూసి తనకే సిగ్గేసింది. ఎంత సిగ్గేసినా కారు ఆపించి చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

కారు గేటు ముందు ఆగింది. యాదగిరి దిగి గేటు తీశాడు. అసలు వాచ్‌మన్ పెళ్లికని ఊరికి పోయాడు. అతను వచ్చేదాకా గేటు యాదగిరే తీస్తున్నాడు. అందుకే ఆ పని ఆయనకు అలవాటైన పనిలాగే కనిపించింది.

సెల్లార్లో అప్పుడే లైట్లు వేశారు. మూల స్తంభం పక్కన తెల్ల కారు ఉంది.

"ఇదేనా? ఇదే కారా?" రామమోహనరావు ఉత్సాహంగా చుట్టూ తిరిగాడు. "ఏడీ మన హీరో?"

"ఒస్తడు సార్. టైమయింది."

"ఈలోపు ఒక పని చేద్దాం. శైలేందర్ గారూ, ఇందాకటి వేషం ఇక్కడ వెయ్యండి. అసలు చోట ఎలా ఉంటుందో చూద్దాం. సింధూర గారు ఫోన్లో తీస్తారు."

శైలేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఈడనా? ఒద్దు సార్. ఎవరన్నా ఒస్తే బాగుండది."

"ఎవరొస్తారండీ? ఆఫీసులో ఎంత బాగా వేశారు! కానివ్వండి, ఫీలవకుండా వెయ్యండి."

సింధూర ఫోన్ ఎత్తింది. శైలేందర్ తండ్రి వైపు తిరిగాడు. ఆయన ఒద్దంటే చాలు. ఒక్క కసురు కసిరితే చాలు, ఈ నాటకం ఇక్కడితో ఆగిపోతుంది.

"సూపియ్యండి సార్" అన్నాడు యాదగిరి. "నేను గూడ సక్కగ సూడలే. తలుపు తీసేసరికి అయిపాయె."

శైలేందర్ కారు ముందుకు నడిచాడు. చెప్పులు విప్పాడు. నేల చల్లగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆ చోట వాడు వట్టి కాళ్లతో నిలబడింది లేదు. ఆఫీసులో అయితే ఇక్కడ నడుం వంచి, మూతి వంకర చేసి, బానెట్‌ను కళ్లకద్దుకునేవాడు. ఇప్పుడు నడుం వంగలేదు. చేతులు జోడించాడు. మూతి వంకర చేద్దామంటే పెదవులు వణికాయి. కింద మట్టి, ఆ మట్టిలో తాత, గట్టు మీద సద్దిమూటతో చిన్నప్పటి బాపు. మోకాళ్లు వాటంతటవే నేలకు తాకాయి. జోడించిన చేతుల్లోకి ముఖం దాచుకున్నాడు.

"ఏంటిది, కామెడీ పోయిందండీ" అన్నాడు రామమోహనరావు. "ఏడుపులా ఉంది. ఇందాకలా వెయ్యండి."

శైలేందర్ లేచాడు. ముఖం అంతా తడిసిపోయింది. "సార్, ఈయన వాచ్‌మన్ గాదు. మా బాపు. నేను మీకు చెప్పిన ముసలాయన మా బాపే సార్. ఆఫీసుల నోరు రాలే నాకు. తప్పయింది."

అన్నాడు. చివరికి అనేశాడు. రామమోహనరావు నవ్వు ముఖం అలాగే ఉంచి వాణ్నీ యాదగిరినీ మార్చి మార్చి చూశాడు.

యాదగిరి తువ్వాల కింద చెయ్యి కదపలేదు. "మంచిగ చేస్తుండు సార్" అన్నాడు. "నిజంగ ఏడిసినట్టే ఉన్నది. నేనెవల్ని సార్, వాచ్‌మన్‌ను."

తర్వాత రామమోహనరావు పెద్దగా నవ్వి శైలేందర్ భుజం చరిచాడు. "అమ్మ శైలేందరూ! నన్నే బోల్తా కొట్టించారు కదండీ! ఒక్క నిమిషం నమ్మేశాను. ఇది పెడదాం, సినిమాలో ఇది పెడదాం!"

"యాక్టింగ్ గాదు సార్, ఒట్టు" అంటున్నాడు శైలేందర్. "బాపూ, చెప్పే. నీ కాళ్లు మొక్కుత, చెప్పే!" వాడు బతిమాలేకొద్దీ నిర్మాతకు నవ్వు ఎక్కువైంది. సింధూర మాత్రం నవ్వలేదు. ఫోన్ కొంచెం దించి, యాదగిరి ముఖం వంకే చూస్తోంది.

అప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి శైలేందర్ తల్లి ఇంద్రమ్మ వచ్చింది, చేతిలో దీపం, కొంగు అడ్డం పెట్టుకుని. భర్తను చూసి, ఆయన చేతిలో డబ్బా చూసి, అక్కడే మొదలుపెట్టింది.

"ఏమయ్యా, కొడుక్కు డబ్బా ఇచ్చొస్తనని పోయి కొడుకునే తోల్కొచ్చినవా? డబ్బా ముట్టనే లేనట్టుంది? మొత్తం సల్లబడిపాయె!"

రామమోహనరావు చెయ్యి శైలేందర్ భుజం మీదే ఉండిపోయింది.

ఇంద్రమ్మ ఆ కొత్త మనుషులను పట్టించుకోలేదు. ఆమె చూపు కొడుకు కాళ్ల మీద పడింది. వట్టి కాళ్లు. పక్కన విప్పిన చెప్పులు. తడిసిన ముఖం. ఆ తల్లికి ఇంకేం కావాలి? దీపం కారు టైరు పక్కన నేల మీద పెట్టి, రెండు చేతులతో కొడుకు గదవ పట్టుకుంది.

"చెప్పులిడిసినవా బిడ్డా? ఇన్నేండ్లకు నీకు మనసయిందా? నేను మీ బాపుతోని అంటనే ఉన్న, మన సైలు ఏదో ఒకనాడు ఒస్తడు, ఆళ్ల తాతకు మొక్కుతడని. ఇయ్యాల మీ తాత పానం సల్లబడ్డది బిడ్డా."

శైలేందర్‌కు భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఆ చేతులు తీసెయ్యమ్మా, నేను మొక్కలేదు, వేషం వేశాను అని ఎలా చెబుతాడు? తల్లి వాడి ముఖం తుడుస్తూనే ఉంది.

రామమోహనరావు భుజం మీది చెయ్యి తీసేశాడు. "తాతేమిటమ్మా?" అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడ... ఈ కారు కింద ఏముంది?"

ఇంద్రమ్మ చెప్పబోయింది. యాదగిరి చెయ్యెత్తి ఆపాడు. చేతి మీది తువ్వాల తీసి భుజం మీద వేసుకుని, చెప్పులు విప్పి, కొడుకు పక్కకొచ్చి నిలబడ్డాడు. ఉంగరం ఉన్న చేత్తో దీపం వత్తి సరిచేశాడు.

"చెప్పు సైలూ" అన్నాడు. "ఆ ఇంగ్లీషు దాన్ల కోసేసిన ముక్క ఉన్నదే, గది చెప్పు. మేం ఇంటం."